షామియానా వెనక్కి

వంశధార ఒడ్డున ఒక పల్లెలో తవిటయ్య అనే పాత కబడ్డీ ఆటగాడు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, నలుగురూ ఏమనుకుంటారోనని నిద్రలో కూడా భయపడేవాడు. చొక్కా గుండీ ఊడితే ఆ చోటు చేత్తో మూసుకుని ఊరంతా తిరిగే రకం.

అతని కూతురు కుసుమ కూతకు వెళ్లిందంటే అవతలి జట్టు వెనక్కి జరగాల్సిందే. అలాంటి పిల్లకు ఉబ్బసం వచ్చింది. డాక్టరమ్మ రెండు పీల్చే మందులిచ్చింది.

"ఇది ఆయాసం లేకపోయినా రోజూ పీల్చాలి. ఈ నీలం రంగుది ఆయాసం రాగానే పీల్చాలి. మీ ఆటల మాస్టారికి, తోటి పిల్లలకి చెప్పి ఉంచండి. జాగ్రత్తగా ఉంటే ఆట కూడా ఆడుకోవచ్చు," అంది.

దారిలో తవిటయ్య, "ఎవలికీ సెప్పకమ్మా. ఆయాసం పిల్లని జట్టులో ఎవలుంచుతారు?" అన్నాడు.

"మరి ఆటలో ఆయాసమొస్తే నాన్నా?"

"మందు నా జేబులో ఉంటాది. నానున్నాను కదా!"

అప్పటి నుంచి కుసుమ రోజువారీ మందు తలుపు వేసుకుని పీల్చేది. ఇంటికి చుట్టాలొస్తే తండ్రి అదీ మాన్పించేవాడు. మండలం పోటీలకు ముందు వారమంతా ఇంటినిండా చుట్టాలే.

చివరి ఆటలో కుసుమ కూతకు వెళ్లి ఇద్దరిని తాకి వచ్చింది. గీత దాటగానే గుండె పట్టుకుని వంగిపోయింది. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు, వాళ్లకేం తెలుసు? తవిటయ్యకు తెలుసు. అతని చెయ్యి జేబులోకి వెళ్లింది. ముందు కుర్చీల్లో ఊరి పెద్దలు కనిపించారు. చెయ్యి జేబులోనే ఆగిపోయింది. షామియానా వెనక్కి రమ్మని కూతురికి తలతో సైగ చేశాడు.

నాన్న మాట కాదనే పిల్ల కాదు. నిలబడే ఓపిక లేకపోయినా జనాన్ని తప్పించుకుంటూ నడిచింది. అక్కడికి చేరేసరికి పెదాలు నీలంగా మారాయి. మందు నోటి దగ్గర పెడితే పీల్చడానికి పిల్లకు ఊపిరే లేదు.

అంతలో అవతలి జట్టు పిల్ల రోహిణి పరుగున వచ్చింది. ఆమె చేతిలోనూ అలాంటి నీలం మందే ఉంది.

"ఆయాసమని సూడగానే పోల్చుకున్నాను బాబూ! అక్కడే ఎందుకియ్యనేదు? నాదెప్పుడూ మా సారు బల్ల మీదే ఉంటాది," అంది ఏడుస్తూ.

తవిటయ్య కూతుర్ని చేతుల మీద ఎత్తుకుని రోడ్డు వైపు పరుగెత్తాడు. ఆసుపత్రి దారిలోనే కుసుమ కన్నుమూసింది.

పరామర్శకు వచ్చిన ఊరి పెద్దలు, "అయ్యో, ఒక్క ముక్క సెప్పుంటే మేమూ సూసుకునేవోళ్లం కదా తవిటయ్యా!" అని కళ్లొత్తుకున్నారు. అతను భయపడింది వీళ్లకే.

నీతి: ఉబ్బసం సిగ్గుపడాల్సిన జబ్బు కాదు. మందు మానకుండా, పక్కవాళ్లకు చెప్పి ఉంచితే దానితో హాయిగా బతకవచ్చు. దాచిపెడితే మాత్రం, ఆదుకునే చేతులు పక్కనే ఉన్నా అందవు.