తీసేయమన్న పుస్తకం

సంజీవులు మాస్టారికి వాదించే అలవాటు లేదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అర్థశాస్త్ర విభాగాన్ని ఖాళీ బీరువాల నుంచి కూర్చింది ఆయనే. శిష్యులు ఏదైనా అడిగితే ఆయన వెంటనే చెప్పేవారు కాదు. జవాబు తర్వాత ఎప్పుడో, జరిగినదాంట్లో దొరికేది.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న చౌడేశ్వరి ఒకరోజు ఒక పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది. చేనేతకు ప్రభుత్వం చేసే సాయం దండగని వాదించే పుస్తకం అది. దాన్ని నమ్మిన అధికారులు ఆ సాయం ఆపేశారు. చౌడేశ్వరి ఇంట్లో మగ్గం ఆగిపోయింది అప్పుడే.

"మాస్టారూ, ఇలాంటిదానికి కూడా మనం చోటివ్వాలా?"

మాస్టారు దాన్ని తీసుకెళ్లి మళ్లీ బీరువాలో పెట్టి వచ్చారు.

ఆ వారమే కొత్త ఉపకులపతి నరహరి గారు గ్రంథాలయం చూడడానికి వచ్చారు. పడుచు వయసులో ఆ పుస్తకం రాసింది ఆయనే. ఇప్పుడు అభిప్రాయం మారింది. చేనేత సభల్లో శాలువాలు కప్పించుకుంటున్నారు. "అది తెలియనితనంలో రాసింది. తీసేయండి," అన్నారు మాస్టారితో.

చౌడేశ్వరి మనసులో సంతోషించింది. మాస్టారు మాత్రం, "తీయనండి," అన్నారు.

"రాసినవాణ్ణి నేనే చెబుతున్నాను కదయ్యా."

"రాసేవరకే మీదండి. అచ్చయ్యాక చదివేవాళ్లది."

సాయంత్రానికల్లా ఆర్డరు వచ్చింది. మాస్టారిని చినిగిన పుస్తకాలు కుట్టే గదికి మార్చారు. విభాగాన్ని చౌడేశ్వరికి అప్పగించారు. మర్నాడు నరహరి గారు మళ్లీ వచ్చి, "నువ్వైనా తీసెయ్యమ్మా. మీబోటివాళ్లకు అది చేసిన మేలేం లేదు," అన్నారు.

ఆమె పుస్తకం తీసింది. దాని మీద కోపమే గాని, అంతవరకూ లోపలికి చూసింది లేదు. నిలబడే పేజీలు తిప్పింది. ఒకచోట వాళ్ల ఊరి పేరు కనపడింది. అక్కడి మగ్గాలు మూతపడినా దేశానికి వచ్చే లోటేమీ లేదని ఒక్క వాక్యం, అంతే. వాళ్ల నాన్న తన పనితనం తగ్గబట్టే బేరం పోయిందనుకున్నాడు. చివరిదాకా అలాగే అనుకుంటూ పోయాడు.

"ఇది రాసేముందు మా ఊరు వచ్చారా సార్?"

నరహరి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "రాలేదమ్మా," అన్నారు.

"అయితే ఇది ఇక్కడే ఉంటుంది. మా ఊరివాళ్లు వచ్చి చదువుకోవాలి." పుస్తకాన్ని బీరువాలో పెట్టి, తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లిపోయారు.

చౌడేశ్వరి నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన సూదికి దారం ఎక్కిస్తున్నారు. జరిగిందంతా చెప్పి, "రేపో ఎల్లుండో నన్నూ మార్చేస్తారు మాస్టారూ," అంది.

"మారిస్తే మార్చనీ," అన్నారాయన, దారం ముడివేస్తూ. "ఆలోగా ఆ పుస్తకం పక్కన జానెడు చోటు ఖాళీ చేసి రా. నువ్వు రాయబోయేది అక్కడ పెట్టాలి."