నీళ్ల అంచు దాకానే

అనగనగా, పిల్లలూ, ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవి ఉండేది. ఆ అడవిలో ఒక వాగు పారేది. ఏనుగు నుంచి చీమ దాకా అందరికీ ఆ నీళ్లే దిక్కు.

ఒక ఏడు ఎవరో వాగులో కుళ్లిన కళేబరాలు పడేస్తే అడవంతా రోగాలు వచ్చాయి. అప్పుడు జంతువులన్నీ సభ చేరి ఒక చట్టం చేశాయి. "వాగులో మురికి కలపకూడదు. కలిపేవాళ్లను కాపలాదారు ఆపాలి." కాపలాకు తుంపర అనే నీటికుక్కను పెట్టాయి.

తుంపరకు ముగ్గురు పిల్లలు. వాగులో చేపలే వాళ్ల తిండి. తుంపర రోజూ వాగు పొడుగునా తిరిగి, నీళ్లు వాసన చూసి, రుచి చూసి గానీ ఇంటికి వెళ్లేది కాదు.

ఎగువన గట్టు మీద గుబురయ్య అనే ఎలుగుబంటి ఇప్పపూల పాకం కాచేవాడు. ఆ పాకమంటే అందరికీ ఇష్టమే. తుంపర పిల్లలు కూడా లొట్టలు వేసుకుంటూ నాకేవాళ్లు. మొదట ఒక్క పొయ్యే. చూస్తుండగా పది అయ్యాయి. మిగిలిన మడ్డిని పోయడానికి గుబురయ్య గట్టు మీదే పెద్ద గుంట తవ్వాడు. ఎండకు ఆ మడ్డి పులిసి, నల్లగా నురగలు కక్కేది.

ఆ గుంట చూసి తుంపర నేరుగా గుబురయ్య దగ్గరికి వెళ్లింది.

"గుబురయ్య మామా, దీన్ని పూడ్చెయ్. అవతలి వాలులో తవ్వుకో. వానొస్తే ఇదంతా వాగులోకే దిగుతుంది," అంది.

"అంత దూరం ఎవరు మోస్తారమ్మా? అయినా ఇది గట్టు. నీ కాపలా వాగుకి."

ఎంత చెప్పినా వినకపోయేసరికి తుంపర పొయ్యిలు ఆర్పించింది. గుబురయ్య న్యాయస్థానానికి వెళ్లాడు.

న్యాయమూర్తి సూక్ష్మయ్య అనే ముసలి దుప్పి. ఎవరి దగ్గరా గడ్డిపరక కూడా పుచ్చుకోనివాడు. గుబురయ్య తరఫున ముంగిస వకీలు లేచి తుంపరను అడిగాడు.

"ఆ పొయ్యిలు వాగులో ఉన్నాయా?"

"లేవు."

"గుంట వాగులో ఉందా?"

"లేదు."

"గుంటలోంచి ఒక్క చుక్కైనా వాగులో పడగా చూశావా?"

"ఇంకా లేదు. పడ్డాక చూసి ఏం లాభం, అయ్యా? పడకుండా చూడమనే కదా నన్ను పెట్టారు!"

సూక్ష్మయ్య చట్టాన్ని మరోసారి మాట మాటా చదివాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"చట్టంలో 'వాగులో' అని ఉంది. 'గట్టు' అని లేదు. లేని మాటను నేను చేర్చలేను. కాపలాదారు అధికారం నీళ్ల అంచు దాకానే. ఇంకా కావాలంటే సభే రాసుకోవాలి."

ఆ సాయంత్రమే పది పొయ్యిలూ మళ్లీ వెలిగాయి.

తీర్పు వచ్చింది ఒక్క గుబురయ్య గుంట మీదే. కానీ విన్నవాళ్లు అడవంతా ఉన్నారు. వారం తిరక్కుండా అడవిపందులు గట్టు మీద పేడకుప్ప పోశాయి. ముళ్లపంది చెత్త తెచ్చి పడేసింది. తుంపర అడ్డం వెళితే, "నీళ్ల అంచు దాటి రాకమ్మా, తీర్పు వినలేదా?" అని నవ్వారు.

తుంపర సభ పెద్ద అయిన ఏనుగు దగ్గరికి పరుగెత్తింది. "ఒక్క మాట చేర్చండి. గట్టు అని ఒక్క మాట!" అని బతిమాలింది.

"చేర్చాలి, చేర్చాలి. కానీ అందరూ ఒప్పుకోవాలిగా! గుబురయ్య పాకం తిననివాళ్లు ఎవరున్నారు చెప్పు? వానలు తగ్గాక సభ పెడదాం," అంది ఏనుగు.

వానలు తగ్గేదాకా గుంట ఆగలేదు. మూడు రోజులు కుండపోతగా కురిసింది. మూడో రోజు గట్టు తెగింది. నల్లటి మడ్డి బుసబుసమంటూ వాగులోకి దిగింది. చేపలు ఊపిరాడక పైకి తేలి నోళ్లు తెరిచాయి. సాయంత్రానికి వాగంతా తెల్లటి పొట్టలే.

తుంపర చిన్న కూతురు ఆకలికి ఆగలేక ఆ చేపల్లో ఒకటి తినేసింది. రెండు రోజులు కడుపునొప్పితో మెలికలు తిరిగింది. మూడోనాడు ఇక లేవలేదు.

సూక్ష్మయ్య తల వంచుకుని వచ్చాడు.

"అమ్మా, ఇప్పుడు మురికి వాగులోనే పడింది. ఇప్పుడు నీకు పూర్తి అధికారం ఉంది. ఆపు."

"ఏం ఆపమంటారు, అయ్యా?"

"నేను చట్టంలో ఒక్క మాట కూడా తప్పుగా చదవలేదమ్మా," అన్నాడు సూక్ష్మయ్య.

"తప్పుగా చదవలేదు. కానీ దాన్ని ఎందుకు రాసుకున్నామో మీరు అడగలేదు," అంది తుంపర.

ఎండలు మొదలయ్యాక సభ జరిగింది. గట్టు అన్న మాట చేర్చారు. ఎవరూ ఎదురు చెప్పలేదు, గుబురయ్యతో సహా. అతనూ ఇప్పుడు తాగే నీళ్లకు రెండు కొండలు ఎక్కి దిగుతున్నాడు.

అప్పటికే తుంపర మిగిలిన ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని, చేపలున్న నీళ్లు వెతుక్కుంటూ పోయింది. ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

నీతి: కీడు జరగకుండా ఆపడానికి చేసుకున్న చట్టాన్ని, కీడు జరిగాక మాత్రమే పనికొచ్చేలా చదివితే, దాన్ని చేసుకున్న ప్రయోజనమే పోతుంది.