రానివాళ్ళ లెక్క

పేరిందేవి గారు శిష్యులు అడిగిన ప్రశ్నకు కూర్చున్నచోట జవాబు చెప్పేవారు కాదు. చెప్పులు వేసుకుని బయలుదేరేవారు. కాలేజీలో చాలాకాలం గణాంకశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణ తర్వాత విజయనగరంలోని తమ ఇంటి ముందుగదిలో కొత్త విద్య ఒకటి నేర్పుతుండేవారు. వెబ్‌సైట్లకు ఎవరు వస్తున్నారో, ఎటునుంచి వస్తున్నారో, వచ్చి ఏం చూస్తున్నారో రిపోర్టులు చదివి తెలుసుకునే విద్య అది. కుర్చీలో కూర్చుని చేసే పనికి ఇంత నడక ఎందుకని కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకునేవారు.

ఒకనాడు ధనుంజయ అనే శిష్యుడు ఆవిడ దగ్గరకు వచ్చి, కాసేపు తటపటాయించి అడిగాడు.

"మేడమ్, ఒక అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదు. పైగా ఒక మంచి మనిషికి సంతోషంగా ఉంది. అలాంటప్పుడు దాన్ని చెరిపేయాలా?"

అతను ఊరికే అడిగింది కాదు. గజపతినగరంలో వైకుంఠరావు గారని ఒక హరిదాసు ఉన్నారు. ఒకప్పుడు ఆయన కథకు నిలబడితే మైకుతో పని లేదనేవారు. గొంతులో కేన్సర్ వచ్చి డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. గాలి మింగి, దాన్ని మళ్ళీ పైకి తెచ్చి, నాలుకతో పెదవులతో మాటగా మలిచే పద్ధతి ఒకటుందని ఆస్పత్రిలో విని, ఆయన పట్టుబట్టి సాధించారు. తనలాగే గొంతు పోయినవాళ్ళ కోసం ఆ సాధననంతా తెలుగులో పాఠాలుగా వీడియో తీయించి, ఒక వెబ్‌సైట్‌లో పెట్టారు. దాని బాగోగులు ధనుంజయ చూస్తున్నాడు.

మొదట్లో ఆ సైట్‌కు కొద్దిమందే వచ్చేవారు. ఈమధ్య ఒక్కసారిగా ఎక్కువయ్యారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో, ఎన్నడూ వినని సైట్ల మీదుగా జనం వచ్చిపడుతున్నట్టు రిపోర్టు చూపిస్తోంది. ధనుంజయ అనుమానంతో తరచి చూస్తే, అవన్నీ దొంగ రాకలని తేలింది.

"ఆయనకు చెప్పావా?" అన్నారు పేరిందేవి గారు.

"లేదండీ. పొద్దున్నే ఆ అంకె చూశాక గానీ కాఫీ ముట్టుకోరట. నా నోటితో ఎలా చెప్పను?"

ఆవిడ లేచి చెప్పులు వేసుకున్నారు.

వాళ్ళు గజపతినగరంలో బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి వైకుంఠరావు గారు వరండాలో అద్దం ముందు కూర్చుని ఏదో సాధన చేస్తున్నారు. మెడకు చుట్టుకున్న తువాలు చెమటకు తడిసి ఉంది.

"రండి... అమ్మా... రండి," అన్నారు. ఒక్కొక్క మాటకూ గాలి కూడదీసుకోవాలి ఆయన.

"ఈయనకి మళ్ళీ పాత కళ వచ్చిందమ్మా," అంది ఆయన భార్య సూరీడమ్మ, మంచినీళ్ళు అందిస్తూ. "సభ నిండింది సూరీడూ అని ఒకటే సంబరం."

వైకుంఠరావు గారు తలూపారు. "ఇంతమంది... పరదేశాల వాళ్ళు. తెలుగు పాఠాలు... వాళ్ళకేం తెలుస్తాయి? అవి తీసేద్దాం. మొత్తం మళ్ళీ... ఇంగ్లీషులో చెబుతాను. అదే... నేర్చుకుంటున్నా."

పేరిందేవి గారు శిష్యుడి వైపు ఒకసారి చూశారు. ఎవరికీ నష్టం లేదనుకున్న అబద్ధం ఎంతదూరం వచ్చిందో ధనుంజయకు అప్పుడు కనిపించింది.

"దాసుగారూ," అన్నాడు తల దించుకుని, "వాళ్ళెవరూ రాలేదండి. మన సైట్ గడప కూడా తొక్కలేదు. వచ్చినట్టుగా మన రిపోర్టులో తమ సైటు పేరు మాత్రం పడేలా చేస్తారు. ఎవరబ్బా అని మనం ఆ పేరు మీద నొక్కితే వాళ్ళ దుకాణం తెరుచుకుంటుంది. అందుకోసమే ఇదంతా. మనుషులు కూడా కాదు, మిషన్లు చేసే పని."

"అయితే ఒక్కరూ లేరేటి బాబూ?" అంది సూరీడమ్మ.

వైకుంఠరావు గారు తువాలుతో ముఖం తుడుచుకున్నారు. "కథ చెప్పినవాణ్ణి. చప్పట్లు... నిజమైనవో కావో... నాకు తెలుస్తాయనుకున్నా," అన్నారు.

ఆ ముఖం చూడలేక ధనుంజయ లాప్‌టాప్ తెరిచాడు. ఈ పని తొందరగా ముగించి బయటపడితే చాలనిపించింది. రిపోర్టులో వింతగా కనిపించిన ప్రతి సైటు చిరునామానూ ఎంచి తీసేస్తూ పోతున్నాడు. ఒకదాని దగ్గర పేరిందేవి గారు అతని చేయి పట్టుకున్నారు.

"ఇది తెరిచి చూశావా?"

"ఇదీ అలాంటిదేనండి. పేరు చూడండి, అర్థం పర్థం లేని అక్షరాలు."

"పేరు నేనూ చూశాను. దాని మీదుగా వచ్చినవాళ్ళు ఏం చేశారో నువ్వు చూడు."

చూశాడు. మిగతావన్నీ వచ్చినట్టే వచ్చి ఆ క్షణమే మాయమైనవి, ఒక్క పాఠమూ తెరవనివి. దీని మీదుగా వచ్చినవాళ్ళు కొందరే అయినా నిలబడ్డారు, ఒక పాఠం నుంచి ఇంకో పాఠానికి వెళ్ళారు, మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ చిరునామా తెరిస్తే, విశాఖపట్నంలో గొంతు ఆపరేషన్ అయినవాళ్ళు కొందరు కలిసి పెట్టుకున్న చిన్న పేజీ అది. అందులో ఎవరో ఈ పాఠాల లింకు ఇచ్చి, "మన భాషలోనే ఉన్నాయి" అని రాశారు.

ధనుంజయ ఆ చిరునామాను అలాగే ఉంచాడు. ఆ తర్వాత ప్రతిదాన్నీ తెరిచి, చూసి, అప్పుడే తీశాడు. పని అయ్యేసరికి రిపోర్టులో గుప్పెడుమంది మిగిలారు. అంత గుంపులో కలిసిపోయి ఇన్నాళ్ళూ కనబడనివాళ్ళు ఇప్పుడు ఒక్కొక్కరుగా కనిపిస్తున్నారు. వైకుంఠరావు గారు కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.

పలాస వైపు నుంచి ఎవరో ఒక్కరే రోజూ వస్తున్నారు. మొదటి పాఠం చూశారు, రెండోది చూశారు. మూడోది తెరిచారు. మర్నాడు మూడోదే. ఆ మర్నాడూ మూడోదే. నాలుగో పాఠం ఇంతవరకూ తెరవలేదు.

పెద్దాయన తెర మీద వేలు పెట్టారు. "మూడో పాఠం. గాలి... నిలబడదు. నేనూ... అక్కడే ఏడ్చాను."

ఆ పాఠం పెట్టించుకుని తనను తానే చూసుకున్నారు. తెర మీది వైకుంఠరావు గారు గాలి మింగి, చిటికెలో "పా" అని పలికి ముందుకు వెళ్ళిపోయారు.

"తొందరపడ్డాను," అన్నారాయన. "మాట వచ్చేసినవాడి... తొందర. కెమెరా పెట్టు... బాబూ."

ఇంగ్లీషు ఊసు మళ్ళీ రాలేదు. ఆ పాఠం కొత్తగా తీశారు. ఈసారి ఆయన ముందు పలకలేకపోవడం చూపించారు. గాలి జారిపోవడం, మళ్ళీ పట్టుకోవడం, ఎక్కడ తడబడతారో, ఎక్కడ విసుగొస్తుందో అంతా చూపించి, చివర తన నంబరు చెప్పారు. "ఇక్కడ ఆగిపోతే... ఫోన్ చెయ్యండి. మాట రాకపోయినా... చెయ్యండి. నేను వింటాను."

కొన్నాళ్ళ తర్వాత ధనుంజయ ఏదో పని మీద ఆ ఇంట్లో ఉండగా ఫోన్ మోగింది. అతనే తీశాడు. ఎవరండీ అంటే పలుకు లేదు. "ఎవరూ లేరండి," అని పెట్టేయబోతుంటే వైకుంఠరావు గారు చేయి చాపి ఫోన్ తీసుకున్నారు. స్పీకర్ ఆన్ చేసి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. అవతల గాలి కదులుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఊఁ," అన్నారు పెద్దాయన. "పర్లేదు... మళ్ళీ."

ఎంతసేపు గడిచిందో. వంటింటి గుమ్మంలో సూరీడమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చివరకు గరగరమంటూ, పగిలినట్టుగా, ఒక్క అక్షరం వచ్చింది.

"పా."

అవతలి ఇంట్లో ఎవరో ఆడమనిషి, "పలికినాడు! ఓలమ్మా, పలికినాడు!" అని కేక పెట్టింది. వైకుంఠరావు గారు మాట్లాడబోయారు. ఆయనకే గాలి అందలేదు.

ఆ నెలాఖరున ధనుంజయ గురువుగారి ముందుగదిలో దాసుగారి సైట్ గురించి నెల రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. ఎంతకీ మొదటి వాక్యం కుదరలేదు.

"మేడమ్, పోయిన నెల కంటే వచ్చేవాళ్ళు బాగా తగ్గారని రాయాలి కదా. ఎలా మొదలుపెట్టను?"

పేరిందేవి గారు చదువుతున్న పేజీలోంచి తలెత్తలేదు.

"తగ్గారని ఎందుకు? ఎవరు వచ్చారో రాయి."