ఎర్ర గీత లేని కంపెనీ

గుంటూరులో టైర్ల కొట్టు పైన మేడలో ముగ్గురు మనుషులతో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. యజమాని పట్టాభి, అతని భార్య కనకవల్లి, బావమరిది సింహాద్రి. ఈ వీధిలో తెలివంతా తన మేడ మీదే ఉందని పట్టాభికి గట్టి నమ్మకం. తెలివి ఇంగువ లాంటిది, ఉంటే పక్కింటివాళ్ళే చెబుతారు. ఇక్కడ పక్కింటివాళ్ళు ఇంతవరకూ ఏమీ చెప్పలేదు. సరే, కథలోకి వద్దాం.

వాళ్ళకున్నది ఒక్కటే ఆర్డరు. కోటిరెడ్డిగారి మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో గది వేడెక్కితే గంట మోగాలి.

"నేను అడిగిన ప్రతిదానికీ ప్రోగ్రాంలో ఏ ముక్క రాశారో, దాన్నెలా పరీక్షించారో జతచేసి చూపించాలయ్యా. సోమవారం వస్తా. ఒక్కటి తప్పినా ఆర్డరు రద్దు!" అన్నాడాయన.

ఆర్డరు పోతే కంపెనీ పోయినట్టే. చేత్తో జతచేస్తే తప్పులొస్తాయని పట్టాభి ఆ పని కంప్యూటరుకే అప్పగించి, ఆయన ఆర్డరిచ్చేటప్పుడు ఫోన్లో పట్టిన మాటల రికార్డంతా దానికి వినిపించాడు. అది ప్రతి మాటకీ నంబరు వేసింది. పరీక్ష నెగ్గితే పచ్చ గీత, లేకపోతే ఎర్ర గీత.

ఏడు: టీలో పంచదార తగ్గించమ్మా. పదకొండు: మా అల్లుడు ఒట్టి సోమరి. పన్నెండు: గది వేడెక్కితే గంట మోగాలి. ఇంకేముంది, అన్నీ ఎర్ర గీతలే!

"ఆయన నోటితో అన్నాడు కదండీ, చెయ్యాల్సిందే" అంది కనకవల్లి. పంతొమ్మిది కప్పుల టీ కాచి ఏడుని పచ్చ చేసింది.

సింహాద్రి కోటిరెడ్డిగారి అల్లుడికి ఫోన్ చేశాడు. "ఏమండీ, మీరు సోమరేనా?" అల్లుడు అరగంట తిట్టాడు.

"ఇంత ఓపికుంటే సోమరెలా అవుతాడు బావా? పరీక్ష తప్పింది!"

"మళ్ళీ చెయ్యరా!"

నాలుగోసారి అల్లుడు ఫోన్ ఎత్తలేదు. "ఎత్తలేదు! సోమరే! పచ్చ!"

చివరికి మిగిలింది పన్నెండో నంబరు. ఆదివారం ముగ్గురూ కోల్డ్ స్టోరేజీకి పోయి చల్లదనం మిషన్లు ఆపేశారు. గది వేడెక్కింది, గంట మోగింది. అంతే, చప్పట్లు! "గంట మోగుతూనే ఉంటుంది, కంగారుపడకు. అది మా విజయం" అని కాపలావాడికి చెప్పి ఇంటిదారి పట్టారు.

"మిషన్లు మళ్ళీ వెయ్యద్దూ?" అంది కనకవల్లి.

"దానికి నంబరుందా?" అన్నాడు పట్టాభి. లేదు.

సోమవారం కోటిరెడ్డి చిందులేస్తూ వచ్చాడు. "సరుకంతా చెమ్మ పట్టించి పాడుచేశారు కదరా! మీ ఆర్డరు రద్దు! ఈ కంపెనీ ఇప్పుడే మూసెయ్యండి!"

సింహాద్రి రికార్డు చేయనే చేశాడు. నలభై రెండు: కంపెనీ మూసెయ్యండి. ఎర్ర గీత.

పట్టాభి తాళంకప్ప అందుకున్నాడు. ఆర్డరు పోతే పోయింది, ఎర్ర గీత ఉంటే పరువేం కాను? ఆయన మెట్లు దిగగానే ముగ్గురూ బయటికొచ్చి తాళం వేశారు. పరీక్ష నెగ్గింది. పచ్చ గీత పెట్టాలంటే కంప్యూటరు లోపలుంది. తాళం తీశారు. తీయగానే కంపెనీ తెరిచినట్టయింది, పరీక్ష తప్పింది.

"మళ్ళీ వెయ్యరా తాళం!"

వేశారు. తీశారు. వారమైనా అదే వరస. టైర్ల కొట్టువాడు ఇవాళ కూడా కుర్చీ వేసుకుని చూస్తున్నాడు.