గిన్నె ఊపిన చిన్నబాబు

ముత్యాలరేవు రాజుగారి ఇంట ప్రతి హేమంతంలోనూ విహారానికి ఓడ ఎక్కే అలవాటు ఉండేది. ఇప్పుడు లేదు.

అనగా అనగా అంటారే పిల్లలూ, అంత పాతకాలపు మాట ఇది. ముత్యాలరేవును కీర్తిధ్వజుడనే రాజు పాలించేవాడు. రాణి పేరు వకుళమాల. వారికి ముగ్గురు కొడుకులు: జయాంగుడు, విజయాంగుడు, శుభాంగుడు. ఆ పేర్లు లోకానికే గాని తల్లికి కావు. ఆమె వారిని పెద్దబాబూ, నడిపిబాబూ, చిన్నబాబూ అనే పిలిచేది.

చలిగాలి తిరగగానే అందరూ ఓడ ఎక్కి, ఏడు సముద్రాలు దాటి, అరబ్బుల దేశం వెళ్ళేవారు. మొదట కొండలమీద కొన్నాళ్ళు ఉండేవారు. అక్కడ రాతిగట్ల మడుల్లో దానిమ్మలు కాసేవి. సన్నని కాలువలు ఇంటింటి గుమ్మం ముందునుంచి పారేవి. తరువాత ఎడారిలో గుడారం వేసుకునేవారు. ఆఖరున, ఎడారి అంచున ఉన్న మట్టికోటలో విడిది. పిల్లలు బురుజులెక్కి దాగుడుమూతలు ఆడుతుంటే రాణి కింద నిలబడి పిలిచేది.

“పెద్దబాబూ, నడిపిబాబూ, చిన్నబాబూ! రండి, అన్నం చల్లారిపోతోంది.”

కోటగోడలు ఆ పిలుపును మూడుమార్లు తిరిగి పలికేవి.

ఒక వసంతంలో రాణి జబ్బుపడి కన్నుమూసింది. ఓడ రేవులోనే ఉండిపోయింది. రాజు భోజనశాలకు రావటం మానుకున్నాడు. పళ్ళెం తన గదికే తెప్పించుకుని, మూత తీయకుండానే తిప్పి పంపేవాడు.

ఏడాది తిరిగాక నావికులు ఒక వార్త తెచ్చారు. ఆ మట్టికోటను సమూమ్ అనే మాంత్రికుడు ఆక్రమించాడట. మనుషుల గొంతులు దొంగిలించి ఒక చిలుకలో దాచుతాడట. గోడలలో మిగిలిన పిలుపును కూడా ఏరుకున్నాడట. ఆ చిలుక ఇప్పుడు రాణిగారి గొంతుతో పలుకుతున్నదట.

“ఒక్కసారి వింటే చాలు,” అన్నాడు రాజు.

పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. చిన్నవాడు బయలుదేరబోతే రాజు అడ్డుపడ్డాడు. చిలుకా వద్దు, గొంతూ వద్దు, నువ్వైనా ఉండమన్నాడు.

“అన్నయ్యలను అక్కడ వదిలేసి మనం ఇక్కడ కూర్చుంటే, అమ్మ ఉంటే ఊరుకునేదా నాన్నగారూ?” అన్నాడు శుభాంగుడు.

రాజు దారి విడిచాడు.

సముద్రాలు ఏడూ అవే. కాని పూర్వం ఒక్కొక్క సముద్రం దాటుతుండగా దాని పేరు చెప్పి, దాని కథ చెప్పి, కథ మధ్యలో తానే నిద్రపోయే మనిషి ఒకరుండేవారు. ఇప్పుడు శుభాంగుడు పేర్లు తనలో తానే చెప్పుకున్నాడు. ఏడవదాని పేరు గుర్తు రాలేదు. అడగటానికి ఎవరూ లేరు.

కొండమీద ఒక మేక ఎదురైంది. రాణి ఏటా దానికి దానిమ్మ తొక్కలు పెట్టేది. అది అతని వెనక్కి చూసి, రాణిగారు రాలేదా అని అడిగింది. రాలేదన్నాడు. లోయల అంచున బ్రతికే జంతువులు ఆ మాటకు కారణం అడగవు.

“మీ అన్నలిద్దరూ నన్ను దారి అడిగారు,” అన్నది మేక. “ఈ దేశపు మర్యాద ఏమిటో అడగలేదు. నువ్వు అడుగు.”

“చెప్పు మేకమ్మా.”

“ఇక్కడ అతిథి తనంతట తాను ఆపేదాకా, ఇంటివాడు కాఫీ పోస్తూనే ఉండాలి. మాంత్రికుడైనా సరే, ఆ కట్టు దాటలేడు.”

“ఎలా ఆపాలి?”

“అది నన్నడిగితే ఎట్లా? గిన్నె పట్టుకోవటానికి నాకేమైనా చేతులున్నాయా?” అని మేక దిగువకు దూకింది.

ఎడారిలో ఒక ముసలి ఒంటె అతన్ని మోసింది. గుడారం వేసే చోటు రాగానే అడగకుండానే మోకరిల్లింది. అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. శుభాంగుడు దిగలేదు. ఒంటె మళ్ళీ లేచి, నడుస్తూ, తనకు తెలిసినది చెప్పింది. మాంత్రికుని ప్రాణం చిలుకలోనే ఉన్నది. చిలుకను చంపితే అందులోని గొంతులన్నీ చస్తాయి. పంజరం తలుపు తెరిస్తే గొంతులు బయటపడతాయి, వాడు ఇసుకైపోతాడు. వాడి చేతిలో కాఫీ కూజా ఉన్నంతసేపు మాత్రం ఆ తలుపు తెరుచుకోదు.

“మరి బ్రతికున్నవారి గొంతులు?” అన్నాడు శుభాంగుడు.

“వారిని చేరతాయి.”

“లేనివారివి?”

ఒంటె అడుగు తగ్గించింది. కొంతదూరం మెల్లగా నడిచింది.

కోటలో సమూమ్ ఎంతో మర్యాదగా ఎదురు వచ్చాడు. తెల్లని అంగీ, తెల్లని గడ్డం. పేరు అడగలేదు, పని అడగలేదు. తివాచీమీద అన్నలిద్దరూ చేతుల్లో గిన్నెలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. నడుము దాకా మట్టిగోడ రంగుకు తిరిగిపోయారు. తమ్ముడు వచ్చినా తల తిప్పలేదు. వారి చూపు పంజరం మీదనే ఉన్నది. పూర్వపు కోటదొర కూతురు జుమానా ఖర్జూరాల పళ్ళెం తెచ్చి పెట్టింది. గొంతు పోగొట్టుకున్న పిల్ల కనుక, తినమని చేత్తోనే సైగ చేసింది.

మాంత్రికుడు ఏలకుల వాసన వేసే కాఫీ పోశాడు. చిలుక నోరు తెరిచింది.

“పెద్దబాబూ, నడిపిబాబూ, చిన్నబాబూ! రండి, అన్నం చల్లారిపోతోంది.”

అదే గొంతు. ‘చిన్నబాబూ’ దగ్గర కొంచెం సాగే ఆ గొంతే. శుభాంగుడు మొదటి గిన్నె ఎప్పుడు తాగాడో అతనికి తెలియలేదు. రెండవ గిన్నెకు పాదాలు బరువెక్కాయి. మూడవ గిన్నెకు మోకాళ్ళు మట్టి రంగుకు తిరిగాయి.

అతడు “చాలు” అన్నాడు. మాంత్రికుడు మరికొంత పోశాడు. శుభాంగుడు గిన్నెమీద అరచెయ్యి అడ్డంపెట్టాడు. మాంత్రికుడు చిరునవ్వుతో, ఆ చెయ్యి తీసేదాకా కూజా పట్టుకుని నిలబడ్డాడు. అన్నలు కూడా అలాగే చేసి ఉంటారు. మన ఇళ్ళలో అంతే కదా పిల్లలూ, నోటితో అంటాం, చెయ్యి అడ్డంపెడతాం. అయినా అమ్మ ఇంకొక గరిటె వడ్డిస్తుంది.

చిలుక మళ్ళీ పిలిచింది. ఆ పిలుపులోనే శుభాంగునికి కొండమీది అరుగు, తల్లి మణికట్టు గుర్తుకు వచ్చాయి. ఎలా ఆపాలో అతనికి తెలుసు. అన్నలకు తెలియదు; ఆ వేళకు వారెప్పుడూ నాన్నగారితో కొండశిఖరం మీద ఉండేవారు. తెలిసిన తరువాత అతడు చాలాసేపు కదలలేదు. గిన్నె ఊపితే ఆ గొంతు ఇక లేదు.

అతని మనసు మాంత్రికుడు కనిపెట్టాడు. “నిన్నెవరూ పొమ్మనలేదు నాయనా. ప్రతి సాయంత్రమూ పిలుస్తుంది. కావలసినంతసేపు విను.”

“పిలుస్తుంది,” అన్నాడు శుభాంగుడు. “అన్నం పెట్టదు.”

ఖాళీ గిన్నెను వేళ్ళతో పట్టుకుని, అటూ ఇటూ ఊపాడు.

మాంత్రికుడు ఇక పోయలేకపోయాడు. కూజా నేలమీదికి దిగింది. శుభాంగుడు బరువెక్కిన కాళ్ళను ఈడ్చుకుంటూ వెళ్ళి పంజరం తలుపు తీశాడు. చిలుక కిటికీ దాటి ఎడారి మీదుగా ఎగిరింది. వెళుతూ మూడుసార్లు పిలిచింది. మొదటిసారి ముగ్గురి పేర్లూ వినిపించాయి. రెండవసారి చిన్నబాబూ అన్నదే వినిపించింది. మూడవసారి, రండి అన్నదో, అది గాలి సవ్వడో తెలియలేదు.

సమూమ్ నిలబడిన చోట ఇసుక కుప్ప మిగిలింది. అన్నలు కళ్ళు నులుముకుంటూ లేచారు. జుమానా గొంతు సవరించుకున్నది.

“మీ అన్నలిద్దరూ కలిసి కోటలో కాఫీగింజ లేకుండా చేశారు,” అన్నది. ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే. “మీరు నయం, త్వరగానే లేచారు.”

ముగ్గురు కొడుకులూ ఇల్లు చేరారు. జుమానా కూడా తన ఇష్టంతోనే వారితో ఓడ ఎక్కింది. రాజు కొడుకులను ముట్టుకుని చూసుకున్నాడు. తరువాత అతని చూపు చిన్నవాడి ఖాళీ చేతులమీద నిలిచింది. జరిగినదంతా శుభాంగుడు చెప్పాడు.

“ఆఖరున ఏమన్నది?” అని రాజు అడిగాడు.

“ఎప్పటి మాటే నాన్నగారూ. అన్నం చల్లారిపోతోంది, రండి అన్నది.”

రాజు లేచి, భోజనశాలలోకి నడిచి, తన పీటమీద కూర్చున్నాడు. పక్కపీట ఖాళీగానే ఉంచారు.

మంచి ముహూర్తాన శుభాంగునికీ జుమానాకూ పెళ్ళి జరిగింది. అన్నలిద్దరికీ చెరొక సీమ దక్కింది. ముత్యాలరేవును శుభాంగుడు చిరకాలం పాలించాడు. జుమానా పుట్టింటికి ఓడలు వెళ్ళివచ్చేవి, విహారానికి మాత్రం వెళ్ళలేదు. గిన్నె ఊపటం ఎవరు నేర్పారని మనవలు అడిగితే ఆయన తల్లితో వెళ్ళిన ఆఖరి ఏటి సంగతి చెప్పేవాడు.

కొండమీద విడిది ఇల్లు. సాయంకాలం. అరుగుమీద తల్లీ, తానూ. ఇంటి ముసలమ్మ కాఫీ పోసింది. తల్లి అలవాటుగా గిన్నెమీద చెయ్యి పెట్టింది. ముసలమ్మ ఆగి, చెయ్యి తీయగానే మళ్ళీ పోసింది. ఇద్దరూ నవ్వారు. ముసలమ్మ తల్లి మణికట్టు పట్టుకుని ఊపి చూపించింది. తల్లి ఊపింది. తాను ఊపాడు. ముసలమ్మ కూజా దించింది. తల్లి రెండు గిన్నెలూ గుమ్మం ముందరి కాలువలో కడిగి, బోర్లించి, తడిచేతులు కొంగుకు తుడుచుకున్నది.

“గాలి తిరిగింది చిన్నబాబూ, లోపలికి పద,” అన్నది.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు.