నీళ్లడగని మొక్క

ఒకానొక రాజ్యంలో, వాన మొహం చూసి మూడేళ్లయిన చోట, గండభూపతి అనే రాజుండేవాడు. ఆయనకు గులాబీల పిచ్చి. ఎక్కడెక్కడి నుంచో తెప్పించి కోటలో నాటించాడు. ఊళ్లో ఎండకుండా మిగిలింది ఒకే ఒక్క బావి. అందులో నీళ్లన్నీ గులాబీలకేనని చాటింపు వేయించాడు. జనం వాగులో చెలమలు తోడుకుని, ఆ బురద నీళ్లే వడగట్టుకుని తాగేవారు.

ఆ బావి నీళ్లు మోసేవాడు తోటమాలి ఓదెలు. కావడి మోసి మోసి భుజం కాయ కాచింది, నడుము వంగింది. అదైనా ఓర్చుకున్నాడు గానీ, దారి పొడుగునా ఖాళీ కుండలతో నిలబడ్డ ఆడవాళ్లను చూడలేక తలొంచుకు నడవడమే అతనికి మోయలేని బరువైపోయింది.

ఇంత చేసినా గులాబీలు మాడిపోయాయి. రాజు మండిపడి, వచ్చే ఏడు దసరాకి తోట నిండా పూలుండాలి, లేకపోతే రాజ్యం విడిచి పొమ్మన్నాడు.

ఓదెలు నీరసంగా చేతులు కట్టుకుని, "ఒక మొక్క ఉంది ప్రభూ. మహా పౌరుషం గలది. దేవేంద్రుడు పోస్తేనే తాగుతుంది, మనుషుల కుండ ముట్టదు" అన్నాడు.

అంత గొప్ప మొక్క అనేసరికి రాజు పొంగిపోయాడు. తోటలోకి కుండెడు నీళ్లు కూడా రాకుండా భటుల్ని కాపలా పెట్టాడు. ఇంకేముంది, బావి ఊరివాళ్లకు దక్కింది.

ఆ ఏడు పడ్డవి రెండే జల్లులు. ఓదెలు చల్లిన గింజలకు అవే చాలాయి. మరుసటి దసరా నాటికి తోటంతా పసుపు కుమ్మరించినట్టు పూసింది. రాజు పల్లకీ తెర తీయకుండా తిరిగే మనిషాయె, బయట ఏం పూస్తుందో ఎరగడు. మీసం మెలేస్తూ సభనంతా పిలిచి చూపించాడు.

అంతలో బతుకమ్మ పేర్చడానికి పూల కోసం రాణి వచ్చింది. "ఇది తంగేడు కదండీ. మా పుట్టింటి బీళ్లలో మేకలు కూడా ముట్టవు" అంది.

రాజు మొహం మాడిపోయింది. "ఏమిరా, బీడు మొక్కను తెచ్చి నన్నే మోసం చేస్తావా?"

ఓదెలుకు భయపడే ఓపిక కూడా లేదు. "అబద్ధమేం చెప్పాను ప్రభూ? వాన కాక దీనికి ఎవరు నీళ్లు పోశారో మీ భటుల్నే అడగండి. గులాబీలు రోజూ రెండు పూటలా నా ముందు చెయ్యి చాచాయి. ఇది ఎవరి ముందూ చాచలేదు. రాజుగారి తోటలో ఉండదగ్గది ఏదో తమరే సెలవియ్యండి."

తంగేడు అంటే రాజు కోపం చెల్లదు. గులాబీ అంటే బిచ్చగాళ్ల పక్షమైపోతాడు. కాసేపు గుడ్లురిమి, ఇక ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. బావి ఇకనుంచి ఊరిదేనని అక్కడికక్కడే ప్రకటించి, ఓదెలు చేతికి బంగారు కడియం తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"కాస్త పడుకోనివ్వండి ప్రభూ" అన్నాడు ఓదెలు.

రాజు సరేననడమే తడవు, ఓదెలు ఆ పొదల పక్కనే తుండు పరుచుకుని వాలిపోయాడు. చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొట్టి బతుకమ్మ ఆడుతున్నా కదిలితే ఒట్టు.