అరచేతి మగ్గం

కాళ్ళు దుప్పటి లోపల పెట్టుకో. ఊఁ కొడుతూ ఉండు, నిద్రొస్తే మానెయ్యి.

అనగనగా ఒక ఊళ్ళో, మగ్గం చప్పుడుతో తెల్లవారే ఒక వీధి. ఆ వీధి చివర భావనయ్య అని ఒక నేతగాడు. ఆయన భార్య భద్రమ్మ. వాళ్ళకి ఒక్కతే కూతురు, నాంచారి. ఇంట్లో గుంట మగ్గం ఆయన తాత నాటిది. ఆయన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేవాడు, భద్రమ్మ పక్కన కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది.

నాంచారికి ఒక గుడ్డబొమ్మ ఉండేది. ఒకరోజు ఆ పిల్ల, నాన్నా, నా బొమ్మ కూడా నేస్తుందట, దానికో మగ్గం చేసిపెట్టు అంది. నాలుగు పుల్లలు కట్టి ఇచ్చినా పొంగిపోయేదే. కానీ భావనయ్యది అలాంటి చెయ్యి కాదు. మగ్గం అరచేతిలో పట్టాలి, అయినా నిజంగా నెయ్యాలి అనుకున్నాడు.

అప్పుడు ముందుగా నాడెకి పూనుకున్నాడు. నాడె అంటే పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తేది. చింతగింజ అరగదీసి చేశాడు, దొర్లిపోయింది. వేపపుల్ల చెక్కి చేశాడు, పోగుకి తగులుకుంది. అప్పుడు ఆయన చూపు తన నాడె మీద పడింది. కొమ్ముతో చేసింది, మూడు తరాల చేతుల్లో అరిగి అద్దంలా ఉంది. దాని మొన కోసి వడ్లగింజంత నాడె చేశాడు. అది నీళ్ళలో చేపలా జారింది. పెద్ద నాడె మాత్రం ఆనాటి నుంచి పోగులు తెంపడం మొదలుపెట్టింది.

భద్రమ్మ తెగిన పోగు ముడేస్తూ, కోసిన మొన మళ్ళీ మొలుస్తుందా అని అడిగింది. కొత్తది కొందాంలే అన్నాడు. కొనలేదు. నాంచారి రోజూ పడుకోబోయే ముందు, అయిందా నాన్నా అనేది. ఇంకొంచెమే తల్లీ అనేవాడు.

ఆ తర్వాత పన్నె. అది దువ్వెన లాంటిది, ప్రతి పోగూ దాని పళ్ళ సందులోంచే రావాలి. చీపురుపుల్లలు చీల్చాడు, లావయ్యాయి. తాటి ఈనెలు గీశాడు, వంగిపోయాయి. అప్పుడు పెద్ద పన్నె చివర్లోంచి కొన్ని వెదురు పళ్ళు పీకాడు. చివరివేగా అనుకున్నాడు. వాటిని మళ్ళీ నిలువునా చీలిస్తే వెంట్రుకల్లా వచ్చాయి. చిన్న పన్నె ముద్దుగా కుదిరింది. పెద్ద మగ్గం మీద చీరల అంచులు జల్లెడలయ్యాయి. ఎదురింటివాళ్ళు, ఏం బావా, దోమతెరలు నేస్తున్నావా అని వేళాకోళం చేశారు.

ఆ పాటికి నాంచారి తన జడ తనే వేసుకుంటోంది. మగ్గం సంగతి ఎప్పుడోగాని అడిగేది కాదు. ఆ తర్వాత అడగడమే మానేసింది.

ఆ తర్వాత నాంచారికి పెళ్ళి కుదిరింది. ఆ వీధిలో పిల్ల పెళ్ళిచీర తండ్రే నెయ్యాలి. భద్రమ్మ తనే పోయి కొత్త నాడె, కొత్త పన్నె తెచ్చింది. పసుపు పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గానికి ఎక్కించారు. చీర సగానికి వచ్చింది.

చిన్న మగ్గానికి అప్పటికి దోనె ఒక్కటే మిగిలింది. నేసిన బట్ట చుట్టుకునే కర్ర అది. పచ్చి కర్రతో చేస్తే మెలి తిరిగింది. వెదురుతో చేస్తే పగిలింది. పిల్ల అత్తారింటికి వెళ్ళేలోపు దాని చేతిలో పెట్టాలని ఆయన ఆరాటం. పెద్ద దోనె చివర గుంజ దాటి నాలుగువేళ్ళు బయటికి పొడుచుకుని ఉంది. ఈ ముక్క దేనికి పనికొస్తుంది అనుకుని రంపం పెట్టాడు.

మర్నాడు గుంటలో దిగి పన్నెతో మొదటి దెబ్బ వేశాడు. దోనెని ఇన్నాళ్ళూ గుంజలో నిలబెట్టింది ఆ ముక్కే. దోనె జారి పడింది. పడుగు తెగి, చిక్కుపడి, చీర అక్కడికి ఆగిపోయింది. భద్రమ్మ కండె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

నాంచారి బజారు చీరలోనే పీటల మీద కూర్చుంది.

అప్పగింతలప్పుడు భావనయ్య అరచెయ్యి చాపాడు. చేతిలో మగ్గం. తెగిపోయిన పెళ్ళిచీర పోగులే దానికి పడుగు. వేలితో తోస్తే నాడె పరిగెత్తింది. వేలెడు పసుపు గుడ్డ అప్పటికే నేసి ఉంది. చుట్టాలంతా వంగి వంగి చూశారు, ఏం పనితనం అన్నారు.

నాంచారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చాలా బాగుంది నాన్నా," అంది. తర్వాత మెల్లిగా, "బొమ్మ ఎప్పుడో పోయింది," అంది.

అయినా పుచ్చుకుంది. బజారు చీర కొంగులో చుట్టుకుని బండెక్కింది.

ఆ తర్వాత? ఏముంది. పెద్ద మగ్గం మళ్ళీ నిలబడలేదు. భావనయ్య రోజూ పొద్దున్నే గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు, అలవాటు కొద్దీ. చెయ్యి అటూ ఇటూ ఆడేది. అందులో నాడె లేదు.

నాలుగు పుల్లలు కట్టి ఇచ్చేస్తే సరిపోయేదిగా అంటావా? సరిపోయేది. ఆయనకీ తెలిసింది, కోసిన కర్ర అతకదని తెలిసినప్పుడే. ఇక కళ్ళు మూసుకో.

పెద్ద మగ్గం గుంటకి, చిన్న మగ్గం పెట్టెకి,
కథేమో కంచికి, మనమేమో మంచానికి.